చదివే యంత్రం లేని ఫొటోలు

1985 జూలై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కమడోర్ కంపెనీ తన కొత్త కంప్యూటర్ అమీగాను లోకానికి చూపించింది. రంగుల బొమ్మలు వేయగలగడం ఆ కంప్యూటర్ గొప్ప. ఆ గొప్పను జనం కళ్ళారా చూడాలని చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ను వేదిక ఎక్కించారు. పక్కన కూర్చున్న గాయని డెబీ హ్యారీ ముఖాన్ని కెమెరా ద్వారా తెరమీదికి తెచ్చి, మౌస్‌తో రంగులు నింపి, సభ చూస్తుండగానే ఆయన బొమ్మ ముగించాడు. అమీగా మీద ఆయన వేసుకున్న మరికొన్ని బొమ్మలు ఫ్లాపీల్లోకి వెళ్ళాయి. రెండేళ్ళు తిరక్కుండానే, 1987లో ఆయన పోయాడు. కంప్యూటరూ ఫ్లాపీలూ చివరికి పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరనున్న మ్యూజియానికి చేరాయి. అక్కడ భద్రంగానే ఉన్నాయి కానీ, వాటిలో ఏముందో చూసే వీలు లేకపోయింది.

2011లో కోరీ ఆర్కేంజెల్ అనే కళాకారుడు ఆనాటి సభ వీడియోను యూట్యూబ్‌లో చూసి, ఆ ఫ్లాపీల సంగతేమిటని మ్యూజియం వాళ్ళను అడిగాడు. అదే ఊళ్ళోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పాత కంప్యూటర్లంటే ప్రాణం పెట్టే విద్యార్థుల కంప్యూటర్ క్లబ్ ఒకటి ఉంది. ఫ్లాపీలను చదివే పని వాళ్ళు తలకెత్తుకున్నారు. చదివారు. ఫైళ్ళ పేర్లు కనిపించాయి. కానీ ఆ ఫైళ్ళు ఏ ప్రోగ్రాంకూ తెరుచుకోలేదు. బజారులోకి ఇంకా రాని సాఫ్ట్‌వేర్‌తో వేసిన బొమ్మలవి. వాటిలో రంగులను, చుక్కలను ఏ వరుసలో రాశారో బైట్ల వెంట పడి విద్యార్థులే తిరిగి కనిపెట్టవలసి వచ్చింది. 2014 ఏప్రిల్‌లో 28 బొమ్మలు బయటికి వచ్చాయి. వాటిలో క్యాంప్‌బెల్ సూప్ డబ్బా ఉంది, మూడో కన్నున్న వీనస్ ఉంది, వార్హోల్ స్వీయచిత్రం ఉంది.

ఇది మ్యూజియాలకే పరిమితమైన చిక్కు కాదు. 2000 ప్రాంతంలో జరిగిన పెళ్ళికి స్టూడియోవాళ్ళు ఆల్బంతోపాటు ఇచ్చిన సీడీలు, అమెరికాలో ఉన్న కొడుకు మనవరాలి ఫొటోలు నింపి పంపిన డిస్కు, మొదటి డిజిటల్ కెమెరాలోని పలచటి కార్డు, చార్జర్ దొరకని నోకియా ఫోను, అటకెక్కిన డెస్క్‌టాప్ పెట్టె మన ఇళ్ళలో చాలాచోట్ల ఉన్నాయి. కొత్త లాప్‌టాప్‌లో వీటిలో ఒక్కటి పెట్టడానికైనా చోటు ఉండదు.

మూడూ ఉంటేనే బొమ్మ

కాగితం మీద ముద్రించిన ఫొటో చూడటానికి కళ్ళు చాలు. డిజిటల్ ఫొటో కనబడాలంటే మూడు ఉండాలి. మొదటిది, అంకెలను పట్టి ఉంచిన పదార్థం. ఫ్లాపీలో అది అయస్కాంతపు పూత, సీడీలో రంగుపొర, కార్డులో సిలికాన్ చిప్. రెండోది, ఆ పదార్థం నుంచి అంకెలను బయటికి తీసే యంత్రం. మూడోది, ఆ అంకెల వరుసను బొమ్మగా అర్థం చేసుకునే ప్రోగ్రాం. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ నిరుపయోగం.

"ఫొటోలు పోయాయి" అన్నప్పుడు నిజంగా పోయింది ఈ మూడింటిలో ఏది అన్నది మొదట తేలాలి. పదార్థం చెడితే చేయగలిగింది తక్కువ. యంత్రం లేకపోతే వెతకాలి, దొరక్కపోతే కట్టాలి. ప్రోగ్రాం లేకపోతే రాయాలి. చాలా ఇళ్ళలో మొదట పోయేది యంత్రమే. ఫొటోలు డిస్కులో ఇంకా క్షేమంగా ఉండగానే, దాన్ని చదివే డ్రైవ్ బజారు నుంచి తప్పుకుంటుంది. ఆ తరువాత డిస్కు కూడా మెల్లగా వయసు మీదపడి చెడటం మొదలుపెడుతుంది. తిరిగి రాబట్టే అవకాశమంతా ఈ రెండు ఘట్టాల మధ్య ఉన్న వ్యవధిలోనే ఉంటుంది.

డిజిటల్ ఫొటో పుట్టినప్పుడే ఈ సమస్యా పుట్టింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా పది వేల చుక్కల నలుపు తెలుపు బొమ్మను తీసేది. ఆ బొమ్మను మామూలు క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. టేపులో ఉన్నదాన్ని టీవీ తెరమీద చూడటానికి శాసన్ బృందం ఇంకో యంత్రాన్ని ప్రత్యేకంగా కట్టుకుంది. అది లేకపోతే ఆ తొలి ఫొటో కూడా ఎవరికీ కనబడేది కాదు.

చంద్రుడి బొమ్మలకు గ్యారేజీలో దొరికిన యంత్రం

యంత్రం లేకపోవడం ఎంత పెద్ద అడ్డంకో చంద్రుడి ఫొటోల కథ చెబుతుంది. 1966, 67 సంవత్సరాల్లో నాసా ఐదు లూనార్ ఆర్బిటర్ నౌకలను చంద్రుడి చుట్టూ తిప్పింది. అపోలో యాత్రికులు ఎక్కడ దిగాలో తేల్చడానికి అవి ఫిల్మ్ మీద ఫొటోలు తీసి, నౌకలోనే కడిగి, సన్నటి కాంతిపుంజంతో గీతలు గీతలుగా చదివి భూమికి పంపాయి. ఆ సంకేతాలు రెండంగుళాల వెడల్పు టేపుల మీద నమోదయ్యాయి. అప్పటికి ఆ సంకేతాలు డిజిటల్ కావు. కానీ తరువాత వచ్చిన ఇబ్బంది మాత్రం మన సీడీలదే. టేపులు 1,500 వరకూ మిగిలాయి, వాటిని చదివే ఆంపెక్స్ ఎఫ్‌ఆర్-900 యంత్రాలు మాత్రం వాడుకలో లేకుండా పోయాయి.

నాసా జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో పనిచేసిన నాన్సీ ఎవాన్స్ ఆ టేపులను పారేయనివ్వలేదు. వైమానిక దళం వదిలించుకుంటున్న ఎఫ్‌ఆర్-900 యంత్రాలను సంపాదించి తన గ్యారేజీలో ఏళ్ళ తరబడి ఉంచింది. 2007 తరువాత డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ ఆ యంత్రాలను, టేపులను కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రానికి తరలించారు. అక్కడ మూతపడిన మెక్‌డొనాల్డ్స్ హోటలు భవనం వాళ్ళ ప్రయోగశాల అయింది. విడిభాగాలు వెతికి, ఒక యంత్రం భాగాలు ఇంకో యంత్రానికి అమర్చి పని చేయించారు. 1966 ఆగస్టు 23న చంద్రుడి అంచు మీదుగా భూమి కనబడేలా తీసిన ఫొటో 2008 నవంబరులో మళ్ళీ వెలుగు చూసింది. 1966లో పత్రికల్లో వచ్చిన ప్రతికంటే ఇందులో వివరాలు ఎక్కువ. ఆనాడు జనం చూసింది ఫొటోకు తీసిన ఫొటో. ఇప్పుడు తీసింది మూల సంకేతం నుంచి.

ఫ్లాపీ: సున్నా, ఒకటి కాదు, మార్పుల మధ్య సమయం

ఇంట్లో ఉన్న వస్తువుల్లోకి వద్దాం. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రెండు వైపులు. ఒక్కో వైపు 80 వలయాలు, ఒక్కో వలయంలో 18 ముక్కలు, ఒక్కో ముక్కలో 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు వస్తాయి. ఇవాళ ఫోనుతో తీసే ఒక్క ఫొటో కూడా చాలావరకు అందులో పట్టదు. అయినా 1997లో సోనీ తెచ్చిన మావికా కెమెరాలు ఫొటోలను నేరుగా ఫ్లాపీ మీదే దాచేవి. అప్పటి ఫొటో 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు మాత్రమే. అందుకని ఒక ఫ్లాపీలో పదుల సంఖ్యలో పట్టేవి.

ఇలాంటి ఫ్లాపీ ఉంటే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి చాలు. ఆ డ్రైవ్ చదవలేని ఫ్లాపీలూ ఉన్నాయి. పాత మ్యాక్ కంప్యూటర్ల 800 కిలోబైట్ల ఫ్లాపీ, అమీగాల 880 కిలోబైట్ల ఫ్లాపీ చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, వాటిపై రాత అమరిక వేరు. మామూలు డ్రైవ్‌లోని నియంత్రక చిప్‌కు తెలిసిన అమరిక కనబడకపోతే కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఔనని జవాబిస్తే కథ అక్కడితో ముగుస్తుంది.

వార్హోల్ ఫ్లాపీల దగ్గర విద్యార్థులు ఆ చిప్‌ను పక్కన పెట్టే పద్ధతి వాడారు. ఫ్లాపీ మీద నిజానికి సున్నాలూ ఒకట్లూ ఉండవు. అయస్కాంత దిశ తిరగబడే చోట్లు ఉంటాయి, అంతే. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంటే, రెండు తిరగబాట్ల మధ్య 2, 3 లేదా 4 మైక్రోసెకన్ల వ్యవధి వస్తుంది. సమాచారమంతా ఆ వ్యవధుల్లోనే ఉంది. క్రియోఫ్లక్స్, గ్రీస్‌వీజిల్ అనే చిన్న సర్క్యూట్ బోర్డులు ఏ అర్థమూ తీయకుండా ఆ వ్యవధులను మాత్రం కొలిచి కంప్యూటర్‌కు పంపుతాయి. అది మ్యాక్ ఫ్లాపీయా, అమీగా ఫ్లాపీయా అన్నది తరువాత తీరుబడిగా ప్రోగ్రాంతో తేల్చుకోవచ్చు. ఒక ముక్క సరిగా రాకపోతే అదే వలయాన్ని పలుమార్లు తిప్పి, ఒక్కో చుట్టులో బాగా వచ్చిన భాగాన్ని ఏరుకోవచ్చు.

తేమ ఎక్కువగా ఉండే మన కోస్తా ఊళ్ళలో ఫ్లాపీకి పెద్ద శత్రువు బూజు. ఇనుప రేకు మూత పక్కకు జరిపి, లోపలి గోధుమరంగు బిళ్ళను వేలితో తాకకుండా వెలుతురులో తిప్పి చూడండి. తెల్లటి మచ్చలు కనబడితే డ్రైవ్‌లో పెట్టవద్దు. బూజు పట్టిన ఫ్లాపీ తానూ గీసుకుపోతుంది, చదివే తలనూ పాడుచేస్తుంది. ఆ తరువాత పెట్టే మంచి ఫ్లాపీకీ అదే గతి. దాన్ని విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం తెలిసినవాళ్ళు చేయవలసిన పని.

జిప్ డిస్కులది కూడా ఇలాంటి అంటువ్యాధే. 1994లో అయోమెగా కంపెనీ తెచ్చిన ఈ డిస్కులో వంద మెగాబైట్లు పట్టేవి. డ్రైవ్‌లోని తల దెబ్బతింటే టక్ టక్ మని చప్పుడు వచ్చేది. అలాంటి డ్రైవ్‌లో పెట్టిన డిస్కు అంచు చిరిగేది. చిరిగిన డిస్కును ఇంకో డ్రైవ్‌లో పెడితే అదీ పాడయ్యేది. పాత జిప్ డ్రైవ్ ఎక్కడైనా దొరికితే ముందుగా అవసరం లేని మంచి డిస్కుతో పరీక్షించి ఆ తరువాతే ఫొటోలున్న డిస్కు పెట్టాలి.

సీడీ: ప్రమాదం పేరు రాసిన వైపు

మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి ఇవే. దుకాణంలో కొన్న పాటల సీడీలో గుంటలు అచ్చుగుద్ది ఉంటాయి. స్టూడియోలో గానీ ఇంట్లో గానీ రాసుకున్న సీడీ అలాంటిది కాదు. అందులో ఒక రంగుపొర ఉంటుంది. రాసేటప్పుడు లేజరు ఆ రంగును చుక్కలు చుక్కలుగా మాడ్చి గుంటల్లాంటి గుర్తులు చేస్తుంది. చదివేటప్పుడు తక్కువ శక్తిగల లేజరు ఆ గుర్తుల మీద పడి, వెనకనున్న వెండి పొర నుంచి తిరిగివచ్చే కాంతిలో తేడాను పసిగడుతుంది. రంగుపొర ఎండకు, వేడికి వెలిసిపోతుంది. వెలిసేకొద్దీ మాడిన చోటుకూ మాడని చోటుకూ తేడా తగ్గి, డ్రైవ్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం కింది వైపు ప్లాస్టిక్. రంగుపొర, వెండి పొర ఉన్నది పై వైపు, పేరు రాసే లక్క పూతకు సరిగ్గా కింద. అందుకే మెరిసే కింది వైపు గీతలు పడితే రుద్ది నునుపు చేయవచ్చు కానీ, పేరు వైపు లోతుగా గీత పడితే అక్కడి సమాచారం పొరతో సహా ఊడిపోతుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాసిన పెళ్ళి తేదీ, స్టూడియో అంటించిన స్టిక్కరు చాలా సీడీలకు హాని చేశాయి. స్టిక్కరును పీకవద్దు. దానితోపాటు వెండి పొర వచ్చేస్తుంది. డీవీడీలో రంగుపొర రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్యలో ఉంటుంది కాబట్టి పై గీతలను అది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది.

తుడిచేటప్పుడు గుండ్రంగా తుడవకూడదు. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. దానికి కారణం ఉంది. సీడీలో సమాచారాన్ని వరుసగా రాయరు. ముక్కలు చేసి దూరం దూరంగా చల్లి, తప్పులు సరిదిద్దుకోవడానికి అదనపు అంకెలు జోడిస్తారు. దాంతో దారి వెంట రెండున్నర మిల్లీమీటర్ల వరకూ పోయినా లెక్కగట్టి పూరించుకోగలదు. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే తింటుంది. చుట్టు వెంట పడిన గీత ఒకే చోట పొడుగ్గా తినేస్తుంది.

ఒక డ్రైవ్ చదవని సీడీని ఇంకో డ్రైవ్ చదవడం మామూలే. ప్రతి డ్రైవ్ లేజరు, గురిపెట్టే తీరు వేరు. రెండు మూడు డ్రైవ్‌లు మార్చి చూడకుండా సీడీ పోయిందని తీర్మానించకూడదు. ఇంకో సంగతి: అప్పట్లో ఒకే సీడీలో విడతలు విడతలుగా ఫొటోలు కలిపేవారు. కొన్ని సందర్భాల్లో చివరి విడత మాత్రమే తెరమీద కనబడి మిగతావి లేనట్టే ఉంటాయి. సీడీ వెనక వైపు రంగు మారిన వలయం ఎంతవరకూ ఉందో చూడండి. సగం దాకా రాసి ఉండి కంప్యూటర్‌లో పది ఫొటోలే కనబడితే, పాత విడతలను చూపే ప్రోగ్రాంతో మళ్ళీ తెరవాలి.

కార్డు: చెరిపిన ఫొటో ఇంకా ఉంటుంది

కెమెరా కార్డుల్లో ఎన్ని రకాలు వచ్చి పోయాయో! 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1997లో ఎంఎంసీ, 1998లో మెమరీ స్టిక్, 1999లో ఎస్‌డీ, 2002లో ఎక్స్‌డీ. వీటిలో ఎస్‌డీ ఒక్కటే ఇంటింటా మిగిలింది. పాత కార్డుకు సరిపోయే రీడర్ దొరక్కపోతే, ఆ కార్డు వాడిన కెమెరానే కేబులుతో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. స్మార్ట్‌మీడియా, ఎక్స్‌డీ కార్డులకు ఇది మరీ ముఖ్యం. వాటిలో నియంత్రక చిప్ ఉండదు, ఏ ఫైలు చిప్‌లో ఎక్కడుందో చూసుకునే పని కెమెరాదే.

కార్డులో ప్రతి అంకె కొన్ని ఎలక్ట్రాన్లను చిన్న అరలో బంధించడం వల్ల నిలుస్తుంది. ఏళ్ళ తరబడి కదపకుండా వదిలేస్తే ఆ ఎలక్ట్రాన్లు మెల్లగా కారిపోతాయి. వేడికి ఇంకా త్వరగా కారిపోతాయి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డులో కార్డు మరచిపోవడం మంచిది కాదు.

పొరపాటున చెరిపేసిన ఫొటోల విషయంలో మాత్రం కార్డు ఉదారమైనది. దాదాపు పాత కార్డులన్నిటిలో ఫ్యాట్ అనే ఫైలు పద్ధతి ఉంటుంది. అందులో ఫొటోను చెరిపితే విషయసూచికలో ఆ అధ్యాయం పేరు కొట్టేసినట్టే, పుటలు అక్కడే ఉంటాయి. కెమెరా ఫైలు పేరులో మొదటి అక్షరం చోట ఒక గుర్తు పెట్టి, ఆ ఫొటో ఉన్న చోటు ఖాళీ అని రాస్తుంది, అంతే. ఆ చోట కొత్త ఫొటో పడేదాకా పాతది పదిలం. కాబట్టి చెరిపేశామని తెలియగానే కెమెరా ఆపి కార్డు తీసేయాలి. ఒక్క ఫొటో కూడా తీయకూడదు.

సూచిక మొత్తం పాడైనా దారి ఉంది. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్‌ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలై ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగుస్తుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం సూచికను పట్టించుకోకుండా కార్డు మొదటి నుంచి చివరి దాకా వెతికి, ఫొటోలు మొదలయ్యే గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి ఒక్కొక్కటిగా బయటికి తీస్తుంది. ఫైలు పేర్లు రావు. తేదీలు మాత్రం చాలావరకు వస్తాయి. ఎందుకంటే కెమెరా తీసిన క్షణాన్ని ఎక్సిఫ్ అనే చీటీగా ఫొటో ఫైలు లోపలే రాసి ఉంచుతుంది.

తిరిగి వచ్చిన ఫొటో కొన్నిసార్లు పై సగం బాగుండి, కింది సగం బూడిదరంగుగానో గులాబీరంగుగానో మారుతుంది. జేపెగ్ కుదింపు పద్ధతే దానికి కారణం. బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గడులుగా విడగొట్టి, ప్రతి గడి సగటు వెలుగును నేరుగా రాయకుండా ముందు గడితో తేడా మాత్రం రాస్తారు. తరచు వచ్చే విలువలకు పొట్టి సంకేతాలు, అరుదైనవాటికి పొడుగు సంకేతాలు ఇస్తారు. మధ్యలో ఒక్క బిట్ తారుమారైతే ఏ సంకేతం ఎక్కడ ముగిసిందో లెక్క తప్పుతుంది, ఆ తప్పు తరువాతి గడులన్నిటికీ పాకుతుంది. అలాంటప్పుడు ఫైలు మొదట్లో ఉండే చిన్న నమూనా బొమ్మను వెతికి తీయవచ్చు. అది 160 చుక్కల వెడల్పుదే అయినా, ముఖం గుర్తుపట్టడానికి సరిపోతుంది.

ప్రోగ్రాం: వెయ్యేళ్ళ పుస్తకం, పదహారేళ్ళ డిస్కు

ఇంగ్లండు రాజు విలియం 1086లో తన రాజ్యంలోని భూముల లెక్క తీయించి డూమ్స్‌డే అనే గ్రంథంగా రాయించాడు. 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తలపెట్టింది. బడిపిల్లలతో కలిపి పది లక్షల మందికి పైగా తమ ఊళ్ళ గురించి రాసి, ఫొటోలు తీసి పంపారు. అదంతా 30 సెంటీమీటర్ల లేజర్ డిస్కుల మీదికి ఎక్కింది. చదవడానికి ప్రత్యేకమైన ఫిలిప్స్ ప్లేయరు, దానికి జతగా ఎకార్న్ కంప్యూటరు ఉండాలి. 2002 నాటికి పనిచేసే జతలు అరుదైపోయాయి. వెయ్యేళ్ళకు చేరువవుతున్న పాత పుస్తకాన్ని మాత్రం లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో అప్పుడూ చదవగలిగేవారు, ఇప్పుడూ చదవవచ్చు.

లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ డిస్కుల్లోని సమాచారాన్ని బయటికి తీయడంతో ఆగలేదు. ఆనాటి కంప్యూటర్ ప్రవర్తనను ఇప్పటి కంప్యూటర్ లోపల అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం రాశారు. పాత సాఫ్ట్‌వేర్ తాను పాత యంత్రంలోనే ఉన్నాననుకుని పనిచేసింది. 2011లో బీబీసీ ఆ ఊళ్ళ బొమ్మలను మళ్ళీ జనం ముందుకు తెచ్చింది.

ఇళ్ళలోని ఫొటోల వరకూ ఈ మూడో ఇబ్బంది అరుదు. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్ ఇప్పటికీ ప్రతి ఫోనులో తెరుచుకుంటుంది. అడపాదడపా తగిలే మినహాయింపులు కొన్ని ఉన్నాయి. 1992 నాటి కొడాక్ ఫొటో సీడీలో బొమ్మలు పీసీడీ అనే ప్రత్యేక పద్ధతిలో ఉంటాయి. 1994లో ఆపిల్ అమ్మిన క్విక్‌టేక్ కెమెరా ఫొటోలకూ సొంత పద్ధతే. నోకియా పీసీ సూట్‌తో తీసిన పాత బ్యాకప్ ఎన్‌బీయూ అనే ఒకే ఫైలులో ముడిపడి ఉంటుంది. మూడింటినీ విప్పే ఉచిత ప్రోగ్రాంలను ఎవరో ఓపికపరులు రాసిపెట్టారు. వాళ్ళ శ్రమ లేకపోతే ఆ ఫొటోలూ మూగవే.

చేయవలసిన పని, చేసే వరుస

మొదట రాత తాళం వేయాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన ఉన్న చిన్న పలకను జరిపి రంధ్రం తెరిస్తే దాని మీద రాయడం కుదరదు. ఎస్‌డీ కార్డు పక్కన ఉన్న మీటదీ అదే పని. కంప్యూటర్ మనకు చెప్పకుండానే కొత్తగా పెట్టినదాని మీద ఏదో ఒకటి రాయగలదు.

రెండోది, ఫొటోలను ఒక్కొక్కటిగా తెరిచి చూడటానికి ముందు మొత్తం డిస్కుకు నకలు తీయాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఇందుకే ఉంది. అది సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు తీసుకుని, మొరాయించిన చోట్లను లెక్క రాసుకుని, వాటికోసం చివర్లో మళ్ళీ వస్తుంది. వెతుకులాట, మరమ్మతు అన్నీ ఆ నకలు మీద చేయాలి. తిరిగి వచ్చిన ఫొటోలను అదే కార్డులో దాచకూడదు. ఇంకా దొరకని ఫొటోల మీద అవి పడతాయి.

మూడోది, యంత్రం వెతకడం. పాత డెస్క్‌టాప్ హార్డ్ డిస్కును యూఎస్‌బీ అడాప్టరుతో చదవవచ్చు. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టుల కరెంటు విడిగా ఇవ్వాలి. అరుదైన డ్రైవ్‌లు, రీడర్లు కావాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు లాంటి చోట్ల పాత సామాను అమ్మేవాళ్ళను అడగాలి. ఊళ్ళో పాత కంప్యూటర్ ఇంకా నడుపుతున్న ఆఫీసు, స్కూలు, జిరాక్సు షాపు ఉన్నా పని జరగవచ్చు.

నాలుగోది, ఎక్కడ ఆగాలో తెలియడం. హార్డ్ డిస్కు టక్ టక్ మంటుంటే వెంటనే కరెంటు తీసేయాలి. చదివే తల చెడి, డిస్కు ఉపరితలాన్ని గీస్తూ ఉండవచ్చు. నడిపినకొద్దీ ఫొటోలు పొడి అవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న సలహా వినవద్దు. లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది. అలాంటి డిస్కును దుమ్ములేని గదిలో విప్పగల ప్రయోగశాలకే ఇవ్వాలి. ఖర్చు ఎక్కువ, హామీ ఉండదు. ఆ ఫొటోల విలువ మీకెంతో మీరే లెక్కేసుకోవాలి.

ఐదోది, వచ్చినవాటిని మళ్ళీ పోగొట్టుకోకపోవడం. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం సులువైనది: మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే సరిపోతుంది. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా పంపితే అది బొమ్మను కుదిస్తుంది, తీసిన తేదీ చీటీనీ తొలగిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

ఏ సాధనమూ శాశ్వతం కాదు. డిజిటల్ ఫొటోను బీరువాలో పెట్టి తాళం వేస్తే అది నిలవదు. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా దాని మీదికి మార్చుకుంటూ పోతేనే నిలుస్తుంది. వార్హోల్ ఫ్లాపీలకు ఒక విశ్వవిద్యాలయం, చంద్రుడి టేపులకు నాసా కేంద్రం, డూమ్స్‌డేకు రెండు దేశాల పరిశోధకులు దొరికారు. మన ఇంటి సీడీలకు మనం తప్ప ఎవరూ రారు. కాబట్టి ఇంట్లో ఉన్న డిస్కులు, కార్డులు, పాత ఫోన్లు అన్నీ ఒకచోట చేర్చి, ఏది దేనితో చదవాలో కాగితం మీద రాసి, సీడీలతో మొదలుపెట్టండి. సీడీ డ్రైవ్ ఇవాళ దుకాణంలో ఇంకా దొరుకుతోంది. ఫ్లాపీ డ్రైవ్‌కు పట్టిన గతే దానికీ పట్టకముందే ఆ పని ముగించండి.